బండి వేడెక్కింది

వాల్‌టాక్స్ రోడ్డులో మా లారీ ఆఫీసు పెద్దదేమీ కాదు. లోపల మొదలాళి బల్ల, గోడవారగా డ్రైవర్లు కూర్చునే బెంచీ, కిటికీ పక్కన నేనూ నా నల్ల ఫోనూ. మద్రాసులో యజమానిని మేమంతా మొదలాళి అనే అంటాం. ఫోను మాత్రం నాదే. ఉద్యోగంలో చేరినప్పటినుంచి అది నా చేతిలోనే ఉంది. కాఫీ తాగేటప్పుడు కూడా దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునేవాణ్ణి. అందుకే డ్రైవర్లెవరూ నన్ను పేరుపెట్టి పిలవలేదు. నా పేరు "హలో". "హలో ఉండాడా ఆడ?" అని వీధిలోంచి కేక వినబడితే నాకోసం ఎవరో వచ్చారని అర్థం. ఒక డ్రైవరయితే, ఇంత గొంతు పెట్టుకుని ఈడేం చేస్తున్నావు, కోడంబాక్కం స్టూడియోలకి పోతే రాజు వేషం ఇస్తారు గదా అని వెక్కిరించేవాడు.

నా గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. ట్రంకు కాల్ మధ్యలో తెగిపోతే ఎక్స్ఛేంజీలో అమ్మాయితో తగువు పెట్టుకునేవాణ్ణి. సరుకు ఏదీ అని కొత్తవాల్‌చావడి వ్యాపారులు అడిగితే వాళ్ళతోనూ అంతే. ఇంట్లో మాట్లాడినా ఒంగోలుకి వినబడేట్టు మాట్లాడతానని మా అమ్మ విసుక్కునేది.

మా లారీలు ఇక్కడినుంచి గుడ్డల బేళ్ళూ ఇనప సామానూ వేసుకుని బెజవాడ వెళ్ళేవి. వచ్చేటప్పుడు గుంటూరు మిరపకాయల బస్తాలు తెచ్చేవి. దారిలో నెల్లూరులోనూ ఒంగోలులోనూ పెట్రోలు బంకుల్లో ఫోన్లుండేవి. డ్రైవర్లు అక్కడినుంచి ఫోను చేసి, ఎక్కడిదాకా వచ్చారో చెప్పాలి, నేను అది మొదలాళికి చెప్పాలి. ఉద్యోగమంతా అంతే.

చేరిన కొత్తలో ఒక డ్రైవరు నెల్లూరు నుంచి ఫోను చేసి "బండి వేడెక్కింది" అన్నాడు. రేడియేటర్లో నీళ్ళు ఎంత ఉన్నాయని నేను తెలిసినవాడిలా అడిగాను. అవతల ఒకటే నవ్వు. నాకు పని నేర్పుతున్న ముసలి గుమాస్తా ఫోను లాక్కుని, "చల్లారినాక రా నాయనా" అని పెట్టేశాడు. ఆ తరవాత కాఫీ హోటలుకి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పాడు. వేడెక్కింది బండి కాదు, మనిషి. నిద్ర ముంచుకొస్తోంది, కళ్ళు తెరిచి ఉన్నా రోడ్డు కనబడటం లేదు, చెట్టుకింద కాసేపు పడుకుంటాను అని అర్థం. ఆ మాట విన్నప్పుడు గుమాస్తా చెప్పాల్సింది ఒక్కటే, చల్లారినాక రా.

నిద్ర అనే మాట ఏ డ్రైవరూ నోటితో అనడు. మా లైన్లో అది రోగం పేరుతో సమానం. ఫలానా ఆయనకి నిద్ర వస్తుందట అని పొక్కితే ఏ వ్యాపారీ అతని బండిలో సరుకు వెయ్యడు, ఏ మొదలాళీ స్టీరింగు చేతికివ్వడు. ఇంజనుకి మాత్రం ఎంత వేడెక్కినా చెడ్డపేరు రాదు. మనిషి పడుకోవాలంటే తన అలసటని ఇంజను మీదికి నెట్టాలి. బంకులవాళ్ళకీ మెకానిక్కులకీ గుమాస్తాలకీ ఈ సంగతి తెలుసు. మా మొదలాళికి తెలియదు. ఆయన గుడ్డల వ్యాపారం నుంచి లారీల్లోకి వచ్చినవాడు, స్టీరింగు పట్టి ఎరగడు.

మా డ్రైవర్లలో అందరికంటే పెద్దాయన్ని నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తంబీ అనేవాడు. తాతలనాడు నెల్లూరువైపు నుంచి వచ్చి వ్యాసర్పాడిలో స్థిరపడిన కుటుంబం. రైల్వే యార్డు పక్కనే ఒక్క గది. పగలు ఇంటికెళ్తే వ్యాగన్లు గుద్దుకునే చప్పుడు, రేకుల కప్పు వేడి, పిల్లల గోల. అందుకని మద్రాసులో ఉన్నప్పుడు కూడా ఆయన లారీ కిందే గోనెపట్టా పరుచుకుని నడుం వాల్చేవాడు. సరుకు దించేవాళ్ళు కాళ్ళు పట్టి లాగి లేపేవాళ్ళు. మిరపకాయల ఘాటుకి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. దానితో అవి నిద్ర లేక ఎర్రబడ్డాయో ఘాటుకి ఎర్రబడ్డాయో ఎవరికీ తెలిసేది కాదు. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి సగం ఒలికిపోయేది. రెప్పల కింద తలనొప్పి తైలం రాసుకునేవాడు. దారిలో ఎండుమిరపకాయ కొరికేవాడట. కడుపంతా పుండైపోయిందని డాక్టరు చెప్పినా మానలేదు.

ఆయనకి ఉన్న భయం ఒక్కటే, ఆ స్టీరింగు పోతుందేమోనని. ఈ వయసులో బండి దిగితే నన్నెవరు ఎక్కించుకుంటారు తంబీ అనేవాడు. మీసాలకి రంగు వేసుకునేవాడు కూడా. బెంచీ మీద కుర్రవాళ్ళు, పెళ్ళిచూపులా అన్నా అని ఆటపట్టిస్తే, అవునురా, పెళ్ళికూతురికి ఆరు చక్రాలు అనేవాడు.

ఆ ఏడు మే నెల కత్తిరి ఎండలు మొదలయ్యాక మొదలాళి ఇంకో లారీ కొన్నాడు. దానికి కొత్త డ్రైవర్ని పెట్టుకోకుండా, అన్న బండిలో ఉన్న రెండో డ్రైవర్ని తీసి దానికి వేశాడు. అంత దూరం ఒక్క మనిషి ఎట్లా తోలతాడని నేను అడిగాను. అడిగాను అంటే అరిచాను. మొదలాళి ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. నాకు ఒళ్ళు మండేది దానికే. రోడ్డు ఒకటే కదప్పా, దానికి ఇద్దరెందుకు అన్నాడు.

ఆ తరవాత అన్న ఫోన్లు ఎక్కువయ్యాయి. పోయేటప్పుడు నెల్లూరులో వేడెక్కేది, వచ్చేటప్పుడు ఒంగోలులో వేడెక్కేది. చల్లారినాక రా అన్నా అని నేను చెప్పడం, మొదలాళి వైపు తిరిగి బండి వేడెక్కిందట అని చెప్పడం. మొదలాళి నిజంగానే కంగారుపడేవాడు. ఆయనకి లారీలంటే ప్రాణం. శుక్రవారం శుక్రవారం తన చేత్తో పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. అన్న బండిని అయితే లక్ష్మి అనేవాడు. నా ఎదురుగా కూర్చుని, ఎండలో పాపం ఎంత అవస్థ పడుతోందో అని నొచ్చుకునేవాడు. ఆ జాలంతా బండి మీద.

చివరికి ఉండబట్టలేక బండిని మెకానిక్కు దగ్గరికి పంపాడు. మెకానిక్కుకి అంతా తెలుసు. ఇంజను బాగానే ఉందంటే అన్న చిక్కుకుంటాడు. అందుకని ఆలోచించి ఆలోచించి, రేడియేటరు పాతబడిపోయింది సార్, అందుకే వేడెక్కుతా ఉండాది అని చెప్పాడు. మంచి చేశాననుకుని బెంచీ మీద అన్న పక్కన కూర్చుని కన్నుకొట్టాడు కూడా. అన్న ఆయనకి టీ తెప్పించాడు.

మొదలాళి కొత్త రేడియేటరు కొన్నాడు.

అట్లా కొంటాడని మేమెవరం అనుకోలేదు. డబ్బు పెట్టేచోట ఆయన చెయ్యి అంత తేలిగ్గా కదిలేది కాదు. నాలుగు రోజులు వాయిదా వేసి, ఎండలు తగ్గాక చూద్దాంలే అంటాడని అందరి లెక్క. ఆయన మాత్రం లక్ష్మికి జబ్బు చేసినట్టు పరుగుపెట్టాడు. బిగించిన రోజు దానికి బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. అన్న భుజం మీద చెయ్యి వేసి, ఇంక నీకు ఆ బాధ లేదు, ఆగకుండా పోయి ఆగకుండా రావచ్చు అన్నాడు. అంత ప్రేమగా ఆయన డ్రైవరుతో మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. అన్న తల ఊపాడు. బండి ఎక్కేముందు కిటికీ దగ్గరికి వచ్చి నాకొక్కడికే వినబడేట్టు అన్నాడు.

"నా నిద్రకి బీగం ఏసినారు తంబీ."

బెజవాడ వెళ్ళేటప్పుడు ఎక్కడినుంచీ ఫోను రాలేదు. తిరుగు ప్రయాణంలో ఒక పొద్దున ఒంగోలు నుంచి వచ్చింది. మొదలాళి ఎదురుగా దేవుడి పటాలు తుడుస్తున్నాడు. అన్న గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది. వేడెక్కింది తంబీ అన్నాడు. సరే అన్నా అని నేను పెట్టెయ్యబోయాను. నేను అన్నా అని పిలిచేది ఎవర్నో మొదలాళికి తెలుసు. ఆయన గుడ్డ పక్కన పెట్టి చెయ్యి చాపాడు. లైను బాగాలేదని నేను అన్నాను. ఆయన చెయ్యి అట్లాగే చాపి ఉంచాడు. ఇవ్వక తప్పలేదు.

ట్రంకు కాల్‌లో అవతలివాళ్ళు అరిచేది పక్కనున్నవాళ్ళకి కూడా వినబడుతుంది. బెంచీ మీద ఇద్దరు డ్రైవర్లున్నారు, వాళ్ళూ విన్నారు. నీళ్ళున్నాయా, ఆవిరి వస్తోందా, మూత తీసి చూశావా అని మొదలాళి నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగాడు. అన్ని జవాబులూ తడబడ్డాయి. మొదలాళి ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నిజం చెప్పప్పా. బండికా, నీకా?"

బండికే అంటే, కొత్త రేడియేటరు వేసినా బాగుపడలేదని ఆ బండిని అమ్మేస్తాడు. నాకే అంటే మనిషిని దింపేస్తాడు. ఎట్లా చెప్పినా స్టీరింగు పోవడమే. అది అన్నకి ఆ నిద్రమత్తులో కూడా తెలిసే ఉంటుంది.

"బండి బంగారం మొదలాళీ. నాకే. నిద్ర."

బెంచీ మీద ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదలాళి మెత్తగానే, సరే నాయనా, పడుకో, బాగా పడుకుని నిదానంగా రా అన్నాడు. ఒక్క నిమిషం నాకు ఆయన మీద గౌరవం కలిగింది. రెండో డ్రైవర్ని మళ్ళీ ఇస్తాడనుకున్నాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టి, ఇంకో డ్రైవర్ని బస్సులో నెల్లూరు పంపమన్నాడు. అక్కడ బండి అతను తీసుకోవాలి, అన్న దిగిపోవాలి.

"లక్ష్మిని తీసకపోయి నిద్రపోయేవాడి చేతిలో ఎట్లప్పా పెట్టేది?"

నేను లేచి ఏమేమి అరిచానో అంతా గుర్తులేదు. ఒక్కసారి ఆ సీట్లో మిరపకాయల ముందు కూర్చుని తోలి చూడండి అన్నట్టు గుర్తు. వీధిలో జనం ఆగారు. మొదలాళి అంతా విని, నీ కోపం మంచిదేనప్పా, వ్యాపారులు నీకు భయపడతా ఉండారు, కూర్చో అన్నాడు. ఇంతలో ఫోను మోగింది. కొత్తవాల్‌చావడి నుంచి. నేను కూర్చుని మాట్లాడాను.

అన్న నెల్లూరు నుంచి బస్సులో వచ్చాడు. పరుపుచుట్టా టిఫిన్ క్యారియరూ తీసుకోవడానికి ఆఫీసుకి వస్తే బెంచీ మీద ఎవరూ జరగలేదు. వాళ్ళ కోపం మొదలాళి మీద కాదు, అన్న మీద. ఇంజను అనేసి ఉంటే ఒక్క బండితో పోయేది, సత్యం పలికి అందరి నోట్లో మట్టి కొట్టినాడు అన్నాడు ఒకడు, ఆయన వింటుండగానే. అన్న పరుపు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.

వాళ్ళన్నది అబద్ధం కాదు. ఆ రోజు నుంచి ఎవరు వేడెక్కిందన్నా మొదలాళి నా చేతిలోంచి ఫోను తీసుకుని, బండికా నీకా అని అడగడం మొదలుపెట్టాడు. పక్క ఆఫీసుల మొదలాళ్ళకి కూడా చెప్పాడు. అది రోడ్డంతా పాకింది. కాఫీ హోటల్లో ఎవరైనా ఆవలిస్తే బండికా నీకా అని నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకి డ్రైవర్లు దారిలోంచి ఫోను చెయ్యడమే మానేశారు. కోడంబాక్కం పొమ్మని నన్ను వెక్కిరించినాయన గూడూరు దాటాక బండిని వంతెన గోడకి కొట్టాడు. కాలు తీసేశారు. ఆయన అంతకుముందు నెల్లూరు బంకు దగ్గర ఆగి టీ తాగాడట. ఫోను పక్కనే ఉంది, ముట్టుకోలేదట.

ఒక మధ్యాహ్నం, మొదలాళి భోజనానికి వెళ్ళిన వేళ చూసుకుని అన్న వచ్చాడు. మీసాలకి కొత్తగా రంగు వేసి ఉంది. మిగతా లారీ ఆఫీసులకి ఫోను చేసి తన గురించి ఒక మాట చెప్పమన్నాడు. నువ్వు చెప్తే వింటారు తంబీ అన్నాడు. బెంచీ ఖాళీగా ఉంది, కూర్చోమన్నాను.

మొదటి ఆఫీసువాళ్ళు మనుషులు చాలినంత ఉన్నారన్నారు. రెండోచోట గుమాస్తా నాకు తెలిసినవాడే. అనుభవం ఉన్న డ్రైవరు, ఇన్నేళ్ళలో ఎవర్నీ గుద్దలేదు అని చెప్తున్నాను. అతను మధ్యలోనే ఆపి, ఆ వేడెక్కే ఆయనేనా అన్నాడు. నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. అతను నవ్వుతూనే ఫోను పెట్టేశాడు. అన్న వినలేదు కదా అని తల తిప్పి చూశాను. గోడకి తల ఆనించి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. చేతులు తొడల మీద వణకకుండా ఉన్నాయి.

మిగిలినవాటికి గొంతు తగ్గించి చేశాను. నా గొంతు గుర్తుపట్టక రెండుచోట్ల ఎవరు, ఎవరు అని అడిగారు. ఒక్కరూ రమ్మనలేదు. ఒకాయన మాత్రం, పెద్దాయన్ని వాచ్‌మన్ పనికి పెట్టుకోవచ్చు గానీ అదీ నిద్రతో పనే కదా అన్నాడు. వెటకారం కాదు, బాధపడుతూనే అన్నాడు.

చెయ్యడానికి ఇంక నెంబరు లేదు. మొదలాళి వచ్చే వేళ కూడా అయింది. అన్న ఇక్కడ నిద్రపోతూ మొదలాళి కళ్ళబడటం నాకు ఇష్టం లేకపోయింది. భుజం తట్టాను. ఉలిక్కిపడి, కుడికాలు బ్రేకు మీద వేసినట్టు నేలని గట్టిగా తన్నాడు. తరవాత నన్ను చూశాడు, ఎక్కడున్నాడో తెలిసింది.

"ఏమన్నారు తంబీ?"

"వద్దన్నారన్నా. అందరూ."

తుండుతో నోరు తుడుచుకున్నాడు.

"ఇంకాసేపు ఆగి చెప్పి ఉండొచ్చు గదా," అన్నాడు. "ఇప్పుడే కన్ను మూతబడింది."