తలకిందులైన చక్రవర్తి

2023. కాన్పు సెలవు ముగించుకుని, జర్మనీలోని కార్ల్స్‌రూహెలో పాత నాణేలు వేలం వేసే సంస్థలో మళ్లీ చేరాను. నాణేలను పరిశీలించి కేటలాగ్‌కు వివరాలు రాయడం నా పని. పాపను కీటాలో, అంటే పిల్లల సంరక్షణ కేంద్రంలో, దింపి వచ్చాక ఫోన్‌ను కళ్లెదుటే పెట్టుకునేదాన్ని, జ్వరమని పిలుస్తారేమోనని.

ఒకరోజు ఒక వృద్ధురాలు ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చారు. చనిపోయిన భర్త దాచుకున్న ఆరియస్‌ను, అంటే రోమన్ల బంగారు నాణేన్ని, మనవరాలికి ఇవ్వాలని ఆమె కోరిక. అంచు దగ్గర పక్కపక్కనే రెండు రంధ్రాలున్నాయి. వాటిని పూడ్పించమన్నారు.

"చిల్లుపడ్డది చేతిలో పెడితే, బామ్మకు మంచిది దొరకలేదా అనుకుంటుంది," అన్నారు.

మా సీనియర్ థామస్ సరేనన్నారు. "ఎవడో చూసుకోకుండా పొడిచాడు. మెడలో వేసుకుంటే చక్రవర్తి శీర్షాసనం వేస్తాడు," అని నవ్వి, కంసాలికి పంపే ట్రేలో పెట్టారు.

వివరాలు రాసుకోవడానికి నాణేన్ని తిప్పాను. రోమన్లు ఒకవైపు చక్రవర్తిని, రెండోవైపు తరచుగా ఒక దేవతను ముద్రించేవారు. ఇందులో ఉన్నది అదృష్టదేవత ఫోర్చూనా. ఒక చేతిలో పడవ చుక్కాని, మరో చేతిలో పళ్లు నిండిన కొమ్ము. రెండు బొమ్మల తలలు ఎటెటు ఉన్నాయో చెప్పేదాన్ని డై యాక్సిస్ అంటాం. ఇక్కడ ఒకటి పైకి ఉంటే రెండోది కిందికి ఉంది. రంధ్రాలు సరిగ్గా దేవత తలపైన పడ్డాయి.

మా అమ్మమ్మ కాసులపేరు గుర్తొచ్చింది. ఒక్క కాసు తిరగబడినా, లక్ష్మి మొహం తిప్పుకుందంటూ సరిచేసుకునేది. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటికి ఇలాంటి జంట రంధ్రాలుంటాయి. కానీ వాటిలో చాలావరకు చక్రవర్తి తలే పైకి ఉంటుంది.

థామస్‌కు చూపించాను. ఆయన భూతద్దం కింద చాలాసేపు పెట్టి, "ఆ పెద్దావిడకు నువ్వే ఫోన్ చెయ్యి," అన్నారు.

రుజువు లేదని ఫోన్‌లో ఆమెకు ముందే చెప్పాను. దేవత నిటారుగా నిలవాలని ఎవరో కావాలనే అక్కడ పొడిచి ఉండవచ్చనీ, పూడిస్తే ఆ గుర్తు మళ్లీ రాదనీ అన్నాను.

"నిజంగా ఎవరైనా వేసుకున్నారంటారా?"

"వేసుకునే ఉంటారు. రంధ్రాల పై అంచు దారానికి అరిగిపోయింది."

"అయితే అలాగే ఉంచండి. కానీ పిల్లకు ఏ వైపు చూపించి ఇవ్వాలి?"

"దారం కట్టి పట్టుకోండి. అదే చెబుతుంది."

అంతవరకూ రంధ్రం కనిపిస్తే 'నష్టం' అని రాసి ముందుకెళ్లేదాన్ని. ఇప్పుడు ముందుగా రంధ్రాన్ని పైకి పెట్టి పట్టుకుంటాను. ఎవరు నిటారుగా నిలబడ్డారో చూశాకే కలం తీస్తాను.