క్లచ్ మీద చెక్కముక్క

మొన్న అమలాపురం బైపాస్ మీద కొత్తగా కట్టిన కల్యాణ మంటపంలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. ఈమధ్య పెళ్ళిళ్ళలో భోజనాల కన్నా ఫోటోలకే ఎక్కువ జాగా వదులుతున్నారు. గేటు దాటగానే పచ్చగడ్డి మీద ఒక ఉయ్యాల, దాని పక్కన ఎడ్లు లేని ఎడ్లబండి, ఆ పక్కన బంతిపూల దండలు వేసుకుని లేత నీలంరంగు అంబాసిడర్ ఒకటి నిలబెట్టారు. ఆడపిల్లలు వరసకట్టి, దాని బానెట్ మీద మోచేతులు ఆనించి ఫోటోలు దిగుతున్నారు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నీలం అంబాసిడర్లు లోకంలో ఎన్ని లేవు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. ఫోటోలు తీసే అతను "ఎక్కండి ఆంటీ, మీకూ ఒకటి తీస్తాను" అన్నాడు. మావారు, ఈ వయసులో ఇదేం సరదా అన్నట్టు చూశారు. ఆ చూపు నాకు ముప్ఫై ఏళ్ళుగా అలవాటే కాబట్టి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఎడమ కాలు దానంతటదే ముందుకెళ్ళి క్లచ్ మీద ఆనింది. పాదానికి ఇనుము తగల్లేదు. చెక్క తగిలింది.

నాది వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డు, నరసాపురం. తొంభైల మొదట్లో పెళ్ళయి ఇవతలి ఒడ్డుకి, రాజోలు దగ్గర ఒక పల్లెకి కోడలిగా వచ్చాను. సఖినేటిపల్లి రేవులో నిలబడితే మా ఊరు కనపడుతూ ఉంటుంది. రెండు పడవలు జతచేసి, పైన బల్లలు పరిచిన పంటు మీద మనుషులూ, సైకిళ్ళూ, లారీలూ, కార్లూ అన్నీ కలిసే ఏరు దాటేవి. అంత దగ్గర. కానీ పెళ్ళయిన మూడో నెలలోనే మావారు మస్కట్ వెళ్ళిపోయారు. రెండేళ్ళకోసారి వచ్చి, నెల రోజులుండి, అత్తరు వాసన మిగిల్చి మళ్ళీ వెళ్ళేవారు. ఇంట్లో మావగారు, అత్తగారు, నేను. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "మీ అమ్మగారింటికి వెళ్ళద్దన్నామా అమ్మాయ్?" అనేవారు అత్తగారు. నిజమే, అనలేదు. కానీ అడగాలి. అడిగాక తోడుగా వచ్చే మనిషి దొరకాలి. మనిషి దొరికేసరికి కొబ్బరి దింపు మొదలయ్యేది, ఆ కూలీలకి కాఫీలు అందించేసరికి ఊడ్పులు వచ్చేవి, ఊడ్పులు అయ్యేసరికి అత్తగారి మోకాళ్ళు పట్టేసేవి. అంత బాగా చూసుకునే ఇంట్లో నాకు ఊపిరాడటం లేదని ఎవరితో చెప్పుకోను? చెప్పుకుంటే కళ్ళు నెత్తికెక్కాయనేవారు. మధ్యాహ్నాలు పెరట్లో నిలబడి కొబ్బరిచెట్ల సందుల్లోంచి అటు చూసేదాన్ని. ఎటు చూసినా కొబ్బరిచెట్లే. ఆ చెట్లంటే ఊరివాళ్ళకి మురిపెం. నాకు మాత్రం ఎవరో వరసగా కాపలా నిలబెట్టినట్టుండేది.

ఆ ఇంట్లో నాతోపాటు ఇంకొకటి కదలకుండా ఉండేది. అది మావగారి అంబాసిడర్. వయసులో ఉండగా కొన్నారట. కొన్నారే గానీ ఒక్కనాడూ స్టీరింగు ముట్టుకోలేదు. కారున్న మనిషి వెనక సీట్లో ఎడమవైపే కూర్చోవాలని ఆయన గట్టి నమ్మకం. నడపడానికి పాతకాలం డ్రైవరుగారు ఒకాయన ఉండేవారు. ఆయన కళ్ళకి శుక్లాలు వచ్చి, ఒకనాడు లేని గేదెని తప్పించబోయి ఉన్న కాలవగట్టు ఎక్కించేశారు. దాంతో కారు తాటాకు షెడ్డులో చేరింది. ఒకవైపు కొబ్బరికాయల రాశి, ఇంకోవైపు ఒలిచిన కొబ్బరి డొక్కల గుట్ట, మధ్యలో అది. డ్రైవరుగారు మాత్రం పని మానలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, కనపడని కళ్ళతోనే దాన్ని తుడిచి, షెడ్డు గుంజకి ఆనుకుని కూర్చునేవారు. "వారానికి రెండుసార్లైనా స్టార్టు చెయ్యకపోతే బ్యాటరీ చచ్చిపోద్దండీ" అని ఆయన మొత్తుకుంటే, మావగారు ఓ రోజు పేపరు మడిచి నాకేసి చూసి, "అమ్మాయ్, నువ్వెళ్ళి ఆ తాళం తిప్పు" అన్నారు.

అలా మొదలైంది. మంగళవారం, శనివారం వంట కాగానే షెడ్డులోకి వెళ్ళి, చోక్ లాగి, ఇంజను స్టార్టు చేసి పావుగంట కూర్చునేదాన్ని. మొదట రెండుమూడుసార్లు మావగారు దూరం నుంచే చూశారు. తర్వాత ఒకనాడు ఉత్తరీయం వేసుకుని వచ్చి, వెనక తలుపు తీసుకుని, ఎడమవైపు కూర్చుని, "ఊఁ, పోనీ" అన్నారు. నాకు నవ్వాగలేదు. "ఎక్కడికండీ?" అన్నాను. "మలికిపురం దాకా వెళ్ళొద్దాం" అన్నారు పేపరు తెరుస్తూ. బండి అంగుళం కదల్లేదు. ఇంజను ఊగుతుంటే మేమూ ఊగుతూ కూర్చున్నాం. పావుగంట అయ్యాక ఆయన పేపరు మడిచి, "వచ్చేశాం, ఆపమ్మా" అని దిగిపోయారు. అప్పట్నుంచి వారానికి రెండు ప్రయాణాలు. తాటిపాక సంతకి వెళ్ళాం, రాజోలు వెళ్ళాం, ఒకసారి ఆయన హుషారుగా ఉండి రాజమండ్రి కూడా తీసుకెళ్ళారు. ఎదురుగా కొబ్బరి డొక్కలే కనపడుతున్నా, ఆ పావుగంటలు నాకు ఊపిరి పోశాయి. ఒక శనివారం, "ఇవాళ నీ ఇష్టం, నువ్వు చెప్పు ఎక్కడికో" అన్నారు. నేను తల తిప్పకుండానే "నరసాపురం" అన్నాను. పేపరు చప్పుడు ఆగింది.

మర్నాడే డ్రైవరుగారిని పిలిచి, అమ్మాయికి నేర్పమని చెప్పారు. నాకు క్లచ్ అందేది కాదు. నేను పొట్టి, సీటు ముందుకి జరగదు. మావగారు వడ్రంగిని పిలిపించి, నా కాలు కొలత తీయించి, అరచేయంత టేకు చెక్క చెక్కించి పెడల్ మీద బోల్టులు బిగించారు. ఇక మా గురువుగారికి కళ్ళు లేవు గానీ చెవులు చురుకు. ధాన్యం నూర్చే కళ్ళం మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుని, చుట్టూ నేను తిరుగుతుంటే శబ్దాన్ని బట్టి చెప్పేవారు. "గేరు ఏడుస్తుందమ్మా, క్లచ్ పూర్తిగా తొక్కండి. ఆయ్, అదీ. ఇప్పుడు వదలండి మెల్లిగా." ఒకసారి ఆయన స్టూలు వైపే వెళ్ళిపోతే, ఆయనే లేచి స్టూలు చంకన పెట్టుకుని పక్కకి జరిగి, "పర్లేదు, పర్లేదండీ" అన్నారు. అంత మర్యాదస్తుడు. నాలుగు నెలల్లో కళ్ళం దాటి కాలవగట్టు దాకా, గట్టు దాటి తారురోడ్డు దాకా వెళ్ళగలిగాను. నాకు కావలసింది ఒక్కటే. నా అంతట నేను పంటు మీదికి కారెక్కించి, ఏరు దాటి, మా అమ్మ గుమ్మం ముందు హారన్ కొట్టాలి. ఆ ఒక్క హారన్ మీదే ప్రాణాలన్నీ పెట్టుకుని ఉన్నాను.

ఆ రోజు కూడా వచ్చింది. అత్తగారికి వాళ్ళ చెల్లెలు గారింటికి వెళ్తున్నామని చెప్పి, మావగారు వెనక సీట్లో, డ్రైవరుగారు నా పక్కన, ముగ్గురం బయల్దేరాం. సఖినేటిపల్లి రేవు దాకా ఎలా వెళ్ళానో నాకే తెలీదు. రేవులో నీళ్ళు బాగా వెనక్కి తీసి ఉన్నాయి. పంటు కిందికి దిగిపోయి, దాని మీదికి వేసిన బల్లలు నిటారుగా కిందికి చూస్తున్నాయి. ఒడ్డున జనం కబుర్లు ఆపేసి నా వైపే చూస్తున్నారు. పంటు మనిషి మావగారి దగ్గరకొచ్చి, "కోడలుగారు నడిపేస్తన్నారాండీ? ఆయ్, రమ్మనండి" అన్నాడు. అందులో వెటకారం లేదు. అయినా నా చెవులు వేడెక్కాయి. "ఎక్కించెయ్యమ్మా, మీ అమ్మగారి చేతి కాఫీ తాగొద్దాం" అన్నారు మావగారు. అవతలి ఒడ్డు ఎదురుగా కనపడుతోంది. క్లచ్ తొక్కిన కాలు చెక్క మీంచి లేవలేదు. "ఇంకో రోజు వెళ్దామండీ" అన్నాను. ఆయన, "సర్లే, నీ ఇష్టమమ్మా" అన్నారు. కారు తిప్పుకుని వచ్చేశాం. ఇంకో రోజుకేం తక్కువ, కారు ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

మేం ఇంటికి చేరేలోపలే కబురు ఇంటికి చేరింది. అత్తగారు తన కంచం తనే వడ్డించుకున్నారు. ఆ పూట కూరలో ఉప్పు తగ్గిందని కూడా అనలేదు. వచ్చిన శుక్రవారం మస్కట్ నుంచి ఫోను. "కారు నడుపుతున్నావంట. రేవులో జనవంతా నవ్వేరంట. నాన్నగారంటే పెద్దవారైపోయేరు, నీకేవయ్యింది?" అన్నారు మావారు. పెద్దగా అరవలేదు. అరిచినా బాగుండేది, నేనూ ఏడ్చో అరిచో తేల్చుకునేదాన్ని. ఆ తర్వాత మంగళవారాలూ శనివారాలూ మళ్ళీ షెడ్డులోనే. మావగారు వచ్చి కూర్చునేవారు గానీ ఎక్కడికి వెళ్దామని అడగడం మానేశారు.

రెండు నెలలకి, రావులపాలెం నుంచి పెళ్ళిళ్ళకి కార్లు అద్దెకిచ్చే ఆయనొకరు వచ్చారు. బండి ఆయనకి తెగ నచ్చింది. వసారాలో మావగారు, ఆ వచ్చినాయన, గుమ్మంలో అత్తగారు, కింద మెట్టు మీద డ్రైవరుగారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకొచ్చాను. గ్లాసు అందుకుంటూ మావగారు, "ఈయన మన బండి ఇచ్చెయ్యమంటున్నారు. ఏవంటావమ్మా?" అన్నారు. ఆ ఇంట్లో కూర ఏం వండాలో కూడా నన్ను అడిగినవాళ్ళు లేరు. ఉన్నట్టుండి పదిమందిలో అడిగేసరికి మతి పోయింది. పెద్దవాళ్ళు అలా అడిగితే అది మాటవరసకేనని, జవాబు కూడా మాటవరసకే చెప్పాలని మా అమ్మ పెంపకం. నా నోరు దానంతటదే "మీ ఇష్టమండీ" అంది. ఆయన గ్లాసు పక్కన పెట్టారు. "బాగా ఆలోచించుకుని చెప్పమ్మా" అన్నారు. వద్దండీ అన్న మాట గొంతు దాకా వచ్చింది, ఒట్టు. అత్తగారి చీరంచు కనపడింది, శుక్రవారం ఫోను గుర్తొచ్చింది. "మీరెలా అంటే అలానేనండీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. మావగారు కాఫీ మొత్తం తాగి, ఖాళీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "తీసుకెళ్ళండి" అన్న మాట వినపడింది.

బండి తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవరు క్లచ్ చూసి, "ఇదేంటండీ, చెక్క?" అని బోల్టులు విప్పబోయాడు. మా డ్రైవరుగారు తడుముకుంటూ వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నారు. "దాని జోలికెళ్ళకండి బాబూ. అది తీస్తే ఈ బండి అచ్చిరాదు" అన్నారు. ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే. కారు వెళ్ళిపోయాక షెడ్డు నేల మీద నూనె మరక మిగిలింది. వారం తిరిగేసరికి కొబ్బరికాయల రాశి జరిగి జరిగి దాన్నీ కప్పేసింది.

ఆ తర్వాత నాలుగేళ్ళకి మావగారు పోయారు. ఏడాది తిరిగాక ఓ మధ్యాహ్నం అత్తగారూ నేనూ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నాం. ఆవిడ ఉన్నట్టుండి అన్నారు: "ఆ కారతనికి మీ మావగారు అంతకుముందు రెండుసార్లు లేదని పంపించేసేరు, నీకు తెలీదు. మూడోసారి కావాలనే రమ్మన్నారు. నలుగురిలో నువ్వు వద్దండీ అంటే, అమ్మాయి వద్దంది కాబట్టి ఇవ్వనని ఆ మాట మీద నిలబడతానన్నారు. మస్కట్‌లో అబ్బాయికీ అదే చెప్తానన్నారు. నువ్వేమో మీ ఇష్టమన్నావు." మిరపకాయ ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. "మరి మీరేమనేవారు అత్తయ్యగారూ?" అన్నాను. ఆవిడ చేట కుదుపుతూ, "నేను మాత్రం కాదందునా? నాకూ ఆ ఏటి అవతల ఏముందో చూడాలనే ఉండేది" అన్నారు.

ఆ తర్వాత మావారు వచ్చేశారు, తెల్ల కారు కొన్నారు, దానికి జీతం డ్రైవరుని పెట్టారు. "నీకెందుకు శ్రమ?" అంటారు. వంతెనలు వచ్చాయి. ఇప్పుడు నరసాపురం ఎప్పుడంటే అప్పుడే వెళ్ళొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. వెనక సీట్లో ఎడమవైపు కూర్చుని వెళ్తాను. మా అమ్మ మాత్రం ఆ హారన్ వినకుండానే వెళ్ళిపోయింది.

ఫోటోలు తీసే అతను, "ఇంజను లేదాంటీ, ఊరికే బొమ్మకి పెట్టాం. కొంచెం నవ్వండి" అన్నాడు. ఇంజను లేకపోతేనేం, ఆ బండిలో కదలకుండా ఊళ్ళు తిరిగినదాన్ని. చెక్క మీద పాదం గట్టిగా నొక్కి, వెనక్కి చూసే అద్దంలోకి చూశాను. ఎడమవైపు సీటు ఖాళీగా ఉంది. హారన్ మీద చెయ్యి వేసి ఒత్తాను. అదీ పలకలేదు. "ఇంకా ఎంతసేపు, బయల్దేరదామా?" అన్నారు మావారు కిటికీలోంచి వంగి. మీ ఇష్టమండీ అనబోయి, నాలుక కరుచుకుని, "కాసేపు ఆగండి" అన్నాను. ఆయన తెల్లబోయి నిలబడ్డారు. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. కాలం మనల్ని ఏదైనా ఒక్కసారే, చాలా మర్యాదగా అడుగుతుంది. మనమూ అంతే మర్యాదగా మీ ఇష్టం అన్నామా, ఇక అది తన ఇష్టప్రకారమే వెళ్ళిపోతుంది.