గుంపెనకు పూసిన ఎర్రరంగు

నర్సరీ అవ్వ పోయిందని మొన్న ఉదయం ఫోన్ వచ్చింది. భూపాలపల్లి బొగ్గు గనుల్లోంచి తవ్విపోసిన మట్టిగుట్ట మీద మళ్ళీ అడవిని పెంచే పనిలో ఆమె ఏళ్ల తరబడి కూలి. వృక్షశాస్త్ర విద్యార్థిగా నేను అక్కడికి వెళ్ళాను. వాదన పోటీల్లో ఓటమి ఎరగని నోటితో వెళ్ళాను.

ఏ వాలుకు ఏ మొక్క తగునో తేల్చడానికి మేము ఆకు మందం, కలప బరువు, వేరు లోతు కొలిచేవాళ్ళం. అవ్వ ఆకును వేళ్ల మధ్య నలిపేది, పుల్ల విరిచి అరచేతిలో తూచేది. "చెట్టు పేరడుగకు బిడ్డా, నీళ్లు లేనప్పుడు ఏం జేస్తదో గదడుగు" అనేది. మా పాఠమంతా ఆ మాటలోనే ఉందని ఒప్పుకోవడానికి నా అహం అడ్డొచ్చింది.

గుట్ట పైవాలులో ఆమె పట్టుబట్టి గుంపెన మొక్కలు నాటించింది. ఆ వాలు జారితే మట్టి నేరుగా కింది పొలాల మీద పడుతుంది. ఎండాకాలంలో బతికిన మొక్కల లెక్కకు వెళ్ళేసరికి ఏ మొక్కకూ ఒక్క ఆకు లేదు. అన్నింటికీ ఎర్రరంగు పూసి, చచ్చినవని రాశాను.

"గవి సావలే. ఆకు రాల్చుకొని నీళ్లు దాసుకున్నయి" అంటూ అవ్వ బొటనవేలి గోటితో ఒక బెరడు గీరింది. లోపల పచ్చగా ఉంది. ఆ గోటి కింద ఎప్పుడూ పచ్చటి మరకే.

"ఒక్కదాన్ని గీరి అన్నీ బతికున్నాయంటే ఎట్లా అవ్వా?"

"అన్ని గీరి సూడు. నోటికున్న ఓపిక గోటికి లేదా?"

కూలీలు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు నేను మొండికెత్తాను. నివేదిక మార్చలేదు.

వారం తిరగకుండానే, నా నివేదిక చూసి మొక్కలన్నీ పీకేశారు. అప్పటికి అవ్వ జబ్బుపడి దవాఖానలో ఉంది. కుప్ప దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ గీరాను. దాదాపు అన్నీ పచ్చగా, తడిగా ఉన్నాయి. మళ్ళీ నాటాను; ఆ ఎండకు ఒక్క వేరూ నిలవలేదు.

చెప్పడానికి దవాఖానకు వెళ్ళాను.

"పీకిన్రా?"

తలూపాను.

"వానకాలం దాక ఆగకపోతివి బిడ్డా" అని గోడవైపు తిరిగింది.

అంతకంటే పదునైన వాదన నేను ఏ వేదిక మీదా వినలేదు. నా నివేదిక తప్పని తర్వాత రాసిచ్చాను. వాలు మాత్రం బోడిగానే ఉంది. ముట్టి చూసి, ఆగి, ఆ తర్వాతే మాట్లాడాలని నాకు నేర్పింది ఆమె. నేను నేర్చుకునేసరికి ఆలస్యమైంది.

ఫోన్ రాగానే వెళ్ళి, ఆమె సొంతూరు తరిగొప్పులలో ఆమెను ఆఖరిసారి చూశాను. బయట తొలివాన పడుతోంది. ఎవరో ఆమె చేతులు శుభ్రంగా కడిగారు. దుప్పటి మీద ఆ బొటనవేలి గోరు తెల్లగా ఉంది.