ఎండకు పట్టి చూసిన గుడ్డ

హుకుంపేట బస్సులో నా పక్కన ఒక తల్లీ కూతురూ కూర్చున్నారు. పిల్లకు పుట్టుకతోనే ఒళ్లూ జుట్టూ తెలుపు. ఎండ తగిలితే కమిలిపోతుందట. ముదురు నీలం పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. నాకూ ఎండ పడదు, పల్చని తెల్ల చున్నీ కప్పుకున్నాను.

పిల్ల నా చున్నీ కొంగును కిటికీకి పట్టి చూసింది.

"అమ్మా, ఇందులోంచి కొండ కనబడతంది! నా సొక్కాలోంచి ఏటీ కనబడదు."

"కొండ కనబడితే ఎండా దిగిపోతాది, నేత ఒత్తుగుండాలమ్మా," అని తల్లి కూతుర్ని చూపిస్తూ నాతో నవ్వింది. "మా గుంటే సంతలో గుడ్డలన్నీ ఇలాగే సూసి ఇది కొనిపించింది. ఇయ్యాల తొలిసారి ఆటల్లో పరిగెడతాది."

బడి దగ్గర దిగి, పిల్ల టోపీ సర్దుకుని ఎండలోకి పరుగెత్తింది.

ఇప్పుడు కొనేముందు ప్రతి గుడ్డనూ వెలుగుకు పట్టి చూస్తాను. చిరుగులు వెతుకుతున్నానని కొట్టువాడు నొచ్చుకుంటాడు.