జకరయ్య బావ చేతికి మైకివ్వకండి

మా జకరయ్య బావ చేతికి మైకు ఇవ్వకూడదు. ఇచ్చారా, అయిపోయారు. ఒకప్పుడు తను ఎంత తాగుబోతో, ఎవరి కోళ్లు ఎత్తుకెళ్లాడో, ఏ కాలవలో పడి ఏ వీధిలో తేలాడో మొత్తం చెబితేగానీ కింద పెట్టడు. ఈ జబ్బున్న మనిషి ఏ కిరాణా కొట్టో పెట్టుకుని ఉంటే ఊరికి బాధ ఉండేది కాదు. ఈయన పెట్టింది షామియానాలు, మైకుసెట్ల వ్యాపారం. అందులో భాగస్థుణ్ణి నేను. పైగా ఆయన పెళ్లానికి సొంత తమ్ముణ్ణి. ఎక్కడికని పారిపోను?

లోకంలో మైకు సరిచూసేవాళ్లంతా 'హలో, వన్ టూ త్రీ' అంటారు. మా బావ అలా అనడు.

"హలో, హలో. నేనండీ, జకరయ్యని. పదేళ్ల కిందట ఇదే నందిగామలో బస్టాండు పక్క కాలవలో పడుకున్నవాణ్ణి. అప్పట్లో ముక్కు మూసుకుని నన్ను దాటిపోయినవాళ్లు ఇక్కడెవరన్నా ఉంటే వందనాలు. ఇవాళ మీ ముందు నిలబడ్డానంటే నాదేం లేదండీ, అంతా దేవుడి కృప. వెనకాల వాళ్లకి వినపడుతోందా?"

ఎందుకు వినపడదు? నేను మిక్సర్ దగ్గర కూర్చుని వాల్యూమ్ పూర్తిగా తగ్గించేస్తాను. అయినా వినపడుతుంది. ఏళ్ల తరబడి లారీ తోలి, హైవే మీద హారన్లతో పోటీపడిన గొంతు అది. కరెంటు పోయినా పనిచేస్తుంది.

"బావా, అందరిలాగా వన్ టూ త్రీ అంటే నీ సొమ్మేం పోయింది?" అని ఓసారి చేతులు జోడించి అడిగా.

"వన్ టూ త్రీ నాకేం చేసింది సతీషూ? నన్ను కాలవలోంచి లేపిందా?" అన్నాడు.

దీనికి జవాబేం చెప్పాలో మీకు తెలిస్తే కబురు చేయండి.

ఇక పొగిడితే అసలు ఒప్పుకోడు. "ఏం పందిరి వేశారండీ, కళ్లు చెదిరిపోతున్నాయి" అని ఎవరైనా అన్నారనుకోండి, "నాదేం లేదండీ, అంతా కృప" అంటాడు. ఆ మాటకొస్తే ఆ పందిట్లో ఆయనది నిజంగానే ఏమీ లేదు. గుంటలు తవ్వింది నేను, గుంజలు పాతింది నేను, తాళ్లు కట్టింది నేను. పోనీ 'మా బామ్మర్ది కట్టాడండీ' అనొచ్చుగా? అనడు. పొగడ్త ఎవరిదైనా సరే, నా నెత్తి మీదుగా నేరుగా పైకి పంపించేస్తాడు. తాడు కట్టడంలో ఈ చుట్టుపక్కల నాకు పేరుంది. మైలవరంలో ఓసారి పెళ్లి మధ్యలో గాలివాన వస్తే ఊళ్లో రేకులు లేచిపోయాయిగానీ నా ముడి ఒక్కటి జారలేదు. ఆ రోజు కూడా మా బావ దణ్ణం పెట్టింది ఆకాశానికే.

వీరులపాడులో దశరథరామయ్యగారి గృహప్రవేశం సంగతి చెబుతాను వినండి. పెద్ద రైతు, పెద్ద ఇల్లు, ఊరి పెద్దలంతా కుర్చీల్లో కూర్చున్నారు. మా బావ మైకందుకున్నాడు.

"ఈ వాకిట్లో నిలబడే అర్హత నాకు లేదండీ. తాగే రోజుల్లో ఈ దొడ్లోంచే ఓ పుంజునెత్తుకెళ్లా."

దశరథరామయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "డేగా?"

"డేగో కాకో తెలవదండీ. తాగున్నా."

"పందెం పుంజురా అది! బాదంపప్పులు పెట్టి మేపా!"

"అందుకేనండీ, పొద్దుగూకేదాకా ఉడికించినా ముక్క మెత్తబళ్లా."

జనం ఒకటే నవ్వు. పెద్దాయన మాత్రం భోజనాలయ్యేదాకా మా మొహం చూడలేదు. ఆయన పాలేరు కొండలరావు గుమ్మం పక్కన నిలబడి కండువాతో కళ్లు తుడుచుకోవడం చూసా. పొయ్యి పొగేమో అనుకున్నా. అప్పుడు నా బాధ నాది.

జగ్గయ్యపేటలో జాన్‌బాషా అన్న కూతురు ఆసిఫా నికాలో ఇంకా ఘోరం. మా బావ ఒకప్పుడు ఆయన దగ్గరే లారీ డ్రైవరు. ఓ రోజు తప్పతాగి, సిమెంటు బస్తాల లోడుతో సహా బండిని చిల్లకల్లు దాటాక పత్తి చేలో దింపేశాడు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. జాన్‌బాషా అన్న పరుగెత్తుకొచ్చి మా బావ నోటి వాసన చూశాడు. చుట్టూ మూగిన జనం కొట్టబోతుంటే అడ్డం నిలబడి, "బ్రేకులు ఫెయిలయ్యాయయ్యా, వాడేం చేస్తాడు?" అన్నాడు. జనం పోయాక మాత్రం తాళాలు లాక్కుని, "ఇంక జన్మలో స్టీరింగ్ ముట్టావంటే చంపేస్తా" అన్నాడు. మా బావ స్టీరింగూ ముట్టలేదు, సీసా కూడా ముట్టలేదు. ఆ వచ్చే ఆదివారమే మా అక్క వెంట ప్రార్థన మందిరానికి వెళ్లి చివరి వరసలో చాప మీద కూర్చున్నాడు. అక్కడ మొదలైన ఏడుపు ఎప్పుడాగిందో నాకు తెలీదుగానీ పాత పాపాలు నలుగురిలో ఒప్పుకునే ఈ సాక్ష్యం మాత్రం ఇంకా ఆగలేదు.

సరే, నికా. మా బావ మైకు పట్టాడు. "ఆ లారీకి బ్రేకులు బంగారంలా ఉన్నాయండీ. ఫెయిలైంది నేను!"

జాన్‌బాషా అన్న తల పట్టుకున్నాడు. "ఒరేయ్, నీ కోసం ఇన్నేళ్లు కాపాడుకొచ్చిన అబద్ధంరా అది! కొత్తల్లుడి ముందా విప్పేది?"

అంతలో మెకానిక్ రెహమాన్ బిర్యానీ ప్లేటు పక్కన పెట్టి లేచాడు. "విన్నారా? అందరూ విన్నారా? నా బ్రేకులు బాగానే ఉన్నాయి! ఆ రోజు నుంచి నా షెడ్డుకి బండి తేవాలంటే భయపడి చచ్చారు మీరంతా!" అంటూ మా బావ మీదకొచ్చాడు. కొట్టడానికో కావలించుకోవడానికో చివరిదాకా తేలలేదు.

ఇలాంటి మనిషికి పెళ్లీడు కూతురుంటే ఆ ఇంట్లోవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. మా మేనకోడలు కెజియా, జగ్గయ్యపేట కృపారావు మాస్టారి రెండో అబ్బాయి దిలీప్ ఒకళ్లనొకళ్లు ఇష్టపడ్డారు. మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. మండుటెండలో కూడా చొక్కా పై బొత్తాం తీయని మనిషి. ఆయన మా ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, నిదానంగా చెప్పారు.

"జకరయ్యగారూ, మీరు మారారు, సంతోషం. కానీ ఉంగరాల ప్రధానానికి మా వైపు పెద్ద పెద్దవాళ్లొస్తారు. ఆ రోజు ఆ పాత సంగతులు మైకులో వినపడితే మాత్రం ఈ సంబంధం మాట నేను మళ్లీ ఎత్తను."

ఆయన అటు వెళ్లగానే కెజియా తండ్రి ముందుకొచ్చి నిలబడింది. "డాడీ, నాకు దిలీప్ కావాలి. ఆ ఒక్కరోజు మైకు ముట్టుకోకు."

"ముట్టుకోనమ్మా," అన్నాడు మా బావ. మా అక్క నమ్మలేదు. నేను అసలే నమ్మలేదు.

ప్రధానం నందిగామలో మా మందిరం ఆవరణలోనే. వైరు లేని మైకు నా జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యేసుకుని తిరిగా. పాస్టరుగారికి కూడా నేనే అందించి, నేనే తీసుకున్నా. మా బావ తెల్లచొక్కా వేసుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు. పాట అయింది, వాక్యం అయింది. మనిషి నోరు మెదపలేదు. నాకే జాలేసింది.

ఇంక ఉంగరాలు మార్చుకోవాలి. అప్పుడు వెనకాల, వంటల వైపు, పెద్ద చప్పుడైంది.

మాస్టారి పెద్దకొడుకు రవితేజ. ఊళ్లో లేడు, పని మీద వెళ్లాడని చెప్పారు అంతకుముందు. లేకేం, ఉన్నాడు. సందులోంచి తూలుకుంటూ వచ్చి, సైడు గుడ్డ ఎత్తి, చల్లారబెట్టిన సేమ్యా పాయసం గిన్నెలో కూలబడ్డాడు. లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. జుట్టు నిండా సేమ్యా. తలలన్నీ అటు తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకళ్లిద్దరు ఫోన్లు పైకెత్తారు. వాళ్లమ్మ లేచి, చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని, మళ్లీ కూర్చుండిపోయింది. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ కుర్రాడు మాత్రం ఎవరి వంకా చూడటం లేదు. తల దించుకుని గిన్నెలోకే చూస్తున్నాడు. అంత మత్తులోనూ వాడికి తెలుస్తూనే ఉంది.

నా జేబులో చెయ్యి పడింది. మా బావ.

"బావా, వద్దు! నీ కూతురి మొహం చూడు!"

"చూసా. వదులు."

నేనటు లాగా, ఆయనిటు లాగాడు. లారీ స్టీరింగు తిప్పిన చేతులతో నేనేం గెలుస్తా? మైకు తీసుకెళ్లి స్పీకరు బాక్సుకి ఎదురుగా పెట్టాడు. చెవులు చిల్లులు పడేట్టు కుయ్యిమంది. ఫోన్లతో సహా జనమంతా ఉలిక్కిపడి ముందుకు తిరిగారు.

"హలో, హలో! అందరూ ఇటు చూడాలి! ఆ అబ్బాయిది తప్పేం లేదండీ. మా షామియానా తాడు వదులుగా ఉండి కాలికి తగిలింది. కట్టింది మేమే, తప్పు మాదే."

నేను నోరు తెరిచా. వదులుగానా? నా తాడా?

"అయినా సేమ్యాలో పడటం పెద్ద విశేషమేం కాదు. ఆ అబ్బాయి తాడు తగిలి పడ్డాడు. నేను తాగి పడ్డా! మా తోడల్లుడి పెళ్లిలో. పడి, ఎవరో నాకు స్నానానికి నీళ్లు తోడారనుకుని, చెంబేదీ అనడిగా. వీపు రుద్దమని కూడా అడిగానంట!"

పందిరంతా ఘొల్లుమంది. ఫోన్లు ఆయన వైపు తిరిగాయి. ఇంక చూడండి, కాలవ చెప్పాడు, పుంజు చెప్పాడు, లారీ చెప్పాడు. ఏ సంగతైతే బయటికి రాకూడదని ఆయన కూతురు బతిమాలుకుందో అదంతా వరసపెట్టి చెప్పాడు. కెజియా తల దించుకుంది. దిలీప్ అన్న వంకా మామ వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ సందట్లో జాన్‌బాషా అన్న, మా అక్క కలిసి రవితేజని లేపి, గుడ్డ చాటున కుళాయి దగ్గరికి తీసుకుపోయారు.

అప్పుడాగాడు మా బావ. గొంతు తగ్గించాడు. "మాట తప్పా మాస్టారూ. తప్పు నాది, పిల్లది కాదు. నాలాంటోణ్ణి దేవుడు క్షమించాడు, మీరూ క్షమించాలి."

మాస్టారు లేచారు. నడుచుకుంటూ ముందుకొచ్చి చెయ్యి చాచారు. మా బావ మైకిచ్చాడు. ఇంక సంబంధం అయిపోయినట్టేనని నేను కళ్లు మూసుకున్నా.

"హలో," అన్నారు మాస్టారు. ఏళ్లపాటు బడిని గొంతుతోనే గడగడలాడించిన మనిషి గొంతు మైకులో కూడా సన్నగా వినపడింది. ఇంకోసారి "హలో" అని, చొక్కా పై బొత్తాం తీసుకుని, "పాస్టరుగారూ, ఉంగరాలు కానివ్వండి," అన్నారు.

కెజియా ఏడ్చింది, నవ్వింది, ఉంగరం తొడిగింది. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. "మీ బావగారిని ఆదివారం సాయంత్రం మా ఇంటికి పంపిస్తావా? మా పెద్దాడి దగ్గర కాసేపు కూర్చుంటారేమో." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "మైకు లేకుండా."

జనం వెళ్లాక కుర్చీలు సర్దుతూ మా బావని నిలదీశా. "ఏ తోడల్లుడి పెళ్లి? నీకు తోడల్లుళ్లెవరు? మా ఇంట్లో ఆడపిల్ల మా అక్క ఒక్కతేగా!"

"పడలేదులే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"మరి?"

"వాడొక్కడే పడి ఉన్నాడు కదరా. పక్కన ఎవరన్నా ఉంటే బాగుంటదనిపించింది. జాన్‌బాషా అన్న బ్రేకులన్నాడు. నాకు తాడు కనపడింది."

నాకు గుమ్మం పక్కన కండువాతో కళ్లు తుడుచుకున్న కొండలరావు గుర్తొచ్చాడు. "అయితే ఆ పుంజు కూడా..."

"పుంజు నేనే తిన్నా. కాకపోతే ఆ నింద ఇన్నేళ్లు కొండలరావు మోస్తున్నాడని ఆ గృహప్రవేశం పొద్దునే తెలిసింది." ఉన్నట్టుండి ఆయన మొహం దిగులుగా మారింది. "సతీషూ, మందిరం ముందు రెండబద్ధాలాడా. ఆదివారం సాక్ష్యంలో ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటే ఆ కుర్రాణ్ణి మళ్లీ నువ్వే గిన్నెలో కూర్చోబెట్టినట్టు."

మా బావ కుర్చీ మీద కుర్చీ పెట్టబోయి ఆగిపోయాడు. మైకులో చెప్పకూడని పాపం ఆయన కొత్త జీవితంలో ఇదే మొదటిది. "మరెట్టారా?"

"ఇదొక్కటి మైకు లేకుండా చెప్పుకో బావా. పైనున్నాయనకి వినపడుద్దిలే."

అప్పట్నించి ప్రతి ఆదివారం సాక్ష్యం చివర ఆయన నోరు తెరవడం, నేను దగ్గడం, ఆయన మూయడం జరుగుతోంది.

ఇదంతా బాగానే ఉంది. నా సంగతేంటి? నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా నా తాడు వదులని పేరు పడింది. టీ కొట్టు దగ్గర కూడా "ఏం సతీషూ, ముళ్లు బిగించావా?" అంటున్నారు. జగ్గయ్యపేటలో రెహమాన్ నన్ను చూసినప్పుడల్లా భుజం తడుతున్నాడు.

మొన్న దశరథరామయ్యగారి మనవరాలి ఫంక్షన్‌కి మళ్లీ మమ్మల్నే పిలిచారు. మా బావ వెంట రవితేజ కూడా వచ్చాడు. ఈ మధ్య మామూలు రోజుల్లో కూడా వస్తున్నాడు. కళ్లలో ఎరుపు పోయింది, గుంజలు బాగా పాతుతున్నాడు. పెద్దాయన అరుగు మీద నుంచి కేకేశారు.

"ఏమయ్యోయ్, తాళ్లు గట్టిగా కట్టండి! ఆ మధ్య ప్రధానంలో ఎవడో సేమ్యాలో పడ్డాడంట కదా, నిజంగా తాడేనా, ఇంకేమన్నానా?"

రవితేజ చేతిలో సుత్తి ఆగిపోయింది. ఇన్నాళ్ల నా కడుపుమంటంతా గొంతులోకొచ్చింది. చెప్పేద్దామనే నోరు తెరిచా.

"తాడేనండీ," అన్నా. "ఆ రోజు నేనే వదులుగా కట్టా. నాదే తప్పు."

సుత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. వెనక్కి తిరిగితే మా బావ మైకు పట్టుకుని నా వంకే చూస్తున్నాడు. పళ్లన్నీ కనపడేలా నవ్వి, గొంతు సవరించుకున్నాడు.

"హలో, హలో," అన్నాడు. "వన్, టూ, త్రీ."