పుస్తకంలో లేని వాక్యం

తొంభైల్లో బోధన్‌లో పదో తరగతి చదువుతున్నాను. అప్పటికి అందరికీ నేను అబ్బాయినే. గాజులు వేసుకున్నానని ఓసారి అమ్మ వాతలు తేలేలా కొట్టింది. బీడీలు చుట్టే అమ్మకూ పక్కింటి ఆడవాళ్లకూ రోజూ అరుగు మీద నవల చదివి వినిపించేదాన్ని.

ఒకరోజు నేను దాచుకున్న పుస్తకాన్ని చదువురాని అమ్మ తీసుకొచ్చి, "గిదే సదువు" అంది. అందులో అచ్చం నాలాంటి అబ్బాయి, అమ్మాయిగా బతుకుతానంటాడు. కల్పించి చదువుదామంటే బుర్ర పనిచేయలేదు. ఉన్నది ఉన్నట్టే చదివాను. తల్లి వాణ్ణి ఇంట్లోంచి గెంటేసే చోట అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఎల్లగొట్టినంక తల్లి మల్ల దేవులాడలేదా?"

పుస్తకంలో ఆ తల్లి వెతకలేదు. "ఊరూరా వెతికింది" అని చదివేశాను.

మూడేళ్లకు ఇల్లు వదిలి పారిపోయాను. నిజామాబాద్ బస్టాండులో ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. బీడీల తంబాకు వాసన. అమ్మ!

ఆ వాక్యం నేను కల్పించిందని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.