చెవి కోయని పొట్టేలు

మా మందలో ఆడ గొర్రెపిల్లలకే చెవి కోసేవాళ్ళు. మా నాయన గొర్రెలకు కుడి చెవి కొన అడ్డంగా తెగి ఉండేది. మా అమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన వాటికి ఎడమ చెవి కింది అంచున చిన్న గంటు. ఏ తల్లికి పుట్టిన పిల్లకు ఆ తల్లి గుర్తే. కాబట్టి ఏ గొర్రెను చూసినా దాని తల్లి, ఆ తల్లి తల్లి ఎవరి సొత్తో నాలుగేళ్ళ పిల్ల కూడా చెప్పేది. మగపిల్లలకు కోత లేదు. ఏడాది తిరక్కుండా బేరగాళ్ళు వచ్చి తోలుకుపోయే వాటికి గుర్తెందుకు? విత్తనానికి ఉంచుకున్న పొట్టేలు ఒక్కటే. దాన్ని ఊరంతా ఎరుగును. దానికీ అక్కర్లేదు.

అందువల్ల మాకు తల్లుల వంశం వేళ్ళ మీద ఉండేది. తండ్రుల వంశం ఎవరికీ పట్టేది కాదు. ఈ ఒక్క పొరపాటు మా అమ్మ గొర్రెల్ని కటికవాడి తాడు దాకా తీసుకుపోయింది. ఆ సంగతే రాస్తున్నాను.

మాది కారంపూడికి రెండు కోసుల దూరం. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. నాకు పదహారో పదిహేడో ఉంటాయి, ఎవరూ రాసిపెట్టలేదు. నాపరాళ్ళు నిలువుగా పాతి కట్టిన దొడ్డి, అందులో నూట ఇరవై గొర్రెలు, అన్నీ తెల్లవి. తెల్ల మంద అంటే మాదే. ఆ పేరంటే మా నాయనకు ప్రాణం. వినుకొండ వైపు నుంచి కూడా మా పొట్టేలును విత్తనానికి అరువడిగి తీసుకుపోయేవాళ్ళు. నిజంగానే మంచి పొట్టేలు అది. నడుము పొడుగు, కాళ్ళు స్తంభాలు, ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు. "వీడి తల్లి నా కుడిచెవి గొర్రె. నా చేతి మీద పెరిగినోడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

మా అమ్మవి పదకొండు గొర్రెలు. ఈ లోకంలో ఆమెకంటూ ఉన్నవి అవే. ఇల్లు ఆయనది, దొడ్డి ఆయనది, నేను కూడా ఆయన కూతుర్నే. ఆ పదకొండూ మాత్రం ఆమెవి.

వాటికే నల్లపిల్లలు పుడుతుండేవి. ప్రతిదానికీ కాదు, ప్రతిసారీ కాదు. ఒక ఏడు రెండు, ఒక ఏడు మూడు. పాలు మానగానే వాటిని మా నాయన గుట్టుగా అమ్మేసేవాడు. తల్లీ తెల్లదే, పొట్టేలూ తెల్లదే, పిల్ల మాత్రం బొగ్గు. కుడిచెవి గొర్రెలకు ఒక్కటంటే ఒక్కటి నల్లది పుట్టి ఎరగం. ఈ పొట్టేలు కూతుళ్ళను మాత్రం తండ్రితో కలవనివ్వకుండా మా బాబాయి పొట్టేలు దగ్గరికి తోలేవాళ్ళం.

ఆ ఏడు ఉగాది ముందు ఏకంగా నాలుగు పుట్టాయి. పొట్టేలు కోసం వచ్చిన వాడొకడు చూసి, "ఏందన్నా, కంబళ్ళ బేరం పెట్టావా?" అని నవ్వి, పొట్టేలును అడక్కుండానే పోయాడు. మా నాయన ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఏమే, నీ పుట్టింటోళ్ళు ఇచ్చిన గొర్రెల్లో మసి ఉంది. అన్నీ అమ్మేస్తా" అన్నాడు మా అమ్మతో.

"పొట్టేలుది కాదా తప్పు?"

"పొట్టేలు ఒకటే కదే! అదే పొట్టేలు నా గొర్రెల మీద తెల్లవి పుట్టిస్తంది. నీ గొర్రెల మీద నల్లవి పుట్టిస్తంది. తప్పు ఎవరిదో గుడ్డోడైనా చెప్తాడు."

అమ్మ గంప ఎత్తుకుని గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన మాట తప్పని మీకు అనిపిస్తుందేమో. నాకు మాత్రం చాలాకాలం ఆ మాటలో లోపం కనబడలేదు. చానామంది తెలివిగలవాళ్ళు ఇప్పటికీ అక్కడే ఆగిపోతారు.

నేను ఆగలేదు. ఎందుకంటే పిల్లల్ని చూసుకునేది నేను. నాకు అక్షరం ముక్క రాదు, కానీ దొడ్డి నాపరాళ్ళ మీద నా గీతలు నాకున్నాయి. ఒక్కో తల్లికి ఒక్కో రాయి. తెల్లపిల్ల పుడితే సుద్దతో గీత, నల్లది పుడితే బొగ్గుతో. వానకు చెరిగితే మళ్ళీ దిద్దేదాన్ని. ఆ సాయంత్రం కోపంగా రాళ్ళ వెంట తిరుగుతుంటే ఒక సంగతి కంటబడింది. రెండేళ్ళ కిందట మా పొట్టేలుకు గాలికుంటు వచ్చి కాలు కదపలేకపోతే, మా బాబాయి మందలోని తెల్లపొట్టేలును వదిలాం. ఆ ఏడు అమ్మ గొర్రెలన్నిటికీ సుద్దగీతే. ప్రతి రెండో కాన్పుకీ నల్లది పెట్టే గొర్రె రాయి మీద కూడా సుద్దే.

అవే గొర్రెలు. పొట్టేలు మారింది, నలుపు పోయింది.

వెళ్ళి నాయనతో చెప్పాను. "నాయనా, నలుపు ఒక్కరి వల్ల రావట్లా. అమ్మ గొర్రెలోనూ ఉంది, మన పొట్టేలులోనూ ఉంది. రెండూ కలిస్తేనే బయటపడతంది."

"నా పొట్టేలులో నలుపా? యాడుందే? తోక కింద చూశావా?"

"పైకి కనపడదు."

"కనపడని నలుపు నీకెట్టా కనపడిందే?"

పక్కన కూర్చున్న కంబళ్ళ తాత ఒకటే నవ్వు. తాత అంటే మాకేమీ కాడు. ఊరి చివర మగ్గం పెట్టుకుని కంబళ్ళు నేస్తాడు, వాటి ఉన్ని కోసం తొమ్మిది నల్లగొర్రెలు పెంచుతాడు. మా అమ్మను కూతురా అని, మా నాయనను అల్లుడా అని పిలుస్తాడు.

"ఒరేయ్ అల్లుడా, ఇందులో గొడవేముంది? నా నల్లగొర్రెల మీద పోయినేడు మీ తమ్ముడి పొట్టేలును వదిలితే అన్నీ తెల్లవే పుట్టి నా మగ్గం ఎండబెట్టినాయి. ఈ ఏడు నీ పొట్టేలునియ్యి. దాంట్లో నలుపు లేకపోతే అన్నీ తెల్లవే పుడతయ్. ఉంటే నా కంబళికి ఉన్ని వస్తది."

"నల్లది ఒక్కటి కూడా పుట్టదు మామా. అన్నీ తెల్లవే."

"అట్టా పుడితే నీ ఇష్టం. ఒక్క నల్లది పుట్టినా నా కూతురి గొర్రెల జోలికి పోమాకు."

మా నాయన ఒప్పుకున్నాడు. ధర్మం ఆలోచించి కాదు. ఎండల్లో గొర్రెకు కండ ఉండదు, వానలు పడి మేపు వచ్చాక అమ్మితేనే బేరం. ఎలాగూ ఆగాలి. ఆగినందుకు పోయేదేమీ లేదనుకున్నాడు.

తొలకరి పడగానే తాత తొమ్మిది గొర్రెల్నీ మా పాత దొడ్డిలోకి తోలి, మా పొట్టేలును వాటితో విడిచాం. రెండు నెలలు వాటిని నేనే మేపాను, వేరే మందల గాలి తగలనివ్వకుండా. పక్క పొట్టేలు ఒక్కటి దూరినా నా లెక్క చెడిపోతుంది. మా పిన్ని ఒకామె, "ఏమే, గొర్రెలకు కాపలా కాస్తన్నావా, మీ నాయన పరువుకా?" అని ఎగతాళి చేసింది. రెండింటికీ అన్నాను.

నాకు నమ్మకం ఎక్కడిదని అడుగుతారు. మొండితనం కొంత. మిగతాది గీతలు. నలభై దాటాక బడిపంతులు అరుగు మీద ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పితే నేనూ పలక పట్టాను. ఆ తర్వాత మనవరాలి సైన్సు పుస్తకం కూడబలుక్కుంటూ చదువుతుంటే బఠాణీ మొక్కల పాఠం వచ్చింది. ప్రతి గుణానికీ రెండు పాళ్ళుంటాయట, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక పాలు రెండోదాన్ని కప్పేస్తుందట. కప్పబడ్డది చావదు, కింద దాక్కుని ఉంటుంది. పిల్లకు రెండు వైపుల నుంచీ అదే వస్తే అప్పుడు బయటపడుతుంది. మా గొర్రెల్లో తెలుపు కప్పేది, నలుపు దాక్కునేది. నల్లగొర్రె దగ్గర దాచుకోవడానికి ఏమీ లేదు, రెండు పాళ్ళూ నలుపే. కాబట్టి పొట్టేలు ఏమి దాచుకున్నదో చూడాలంటే నల్లగొర్రె మీదే వదలాలి. తాత ఉన్ని కోసం చెప్పిన మాట సరిగ్గా పుస్తకం చెప్పిన మాటే. మనవరాలు, "నీకు ముందే తెలుసా నానమ్మా?" అంది. పుస్తకం వాళ్ళకు బఠాణీలు దొరికాయి, నాకు గొర్రెలు దొరికాయి అన్నాను.

మార్గశిరంలో ఈనడం మొదలైంది. మొదటిది తెల్లపిల్ల. రెండోది తెల్లది. మా నాయన మీసం మీద చెయ్యి వేశాడు. మూడోదీ తెల్లదే. మధ్యలో ఒక గొర్రెకు చూలు పోయింది. ఇంకా ఐదు ఉన్నాయి. ఆయన మాత్రం ఆగలేదు, నరసరావుపేట కటికవాడికి కబురు పెట్టాడు.

ఆ మనిషి పొద్దున్నే తాడుతో సహా దిగాడు. అమ్మ అతనికి జొన్నరొట్టె పెట్టింది. తన గొర్రెల్ని తోలుకుపోవడానికి వచ్చినవాడికి, పచ్చడి కూడా వేసి పెట్టింది. తర్వాత వెళ్ళి పదకొండింటినీ ఒక్కోదాని వీపు మీద చెయ్యి వేసి తడుముతూ నిలబడింది. నేను అటు చూడలేక పాత దొడ్డికి పరిగెత్తాను. అక్కడ రెండు గొర్రెలు ఒకేసారి నొప్పులు పడుతున్నాయి.

మొదటిది నా చేతుల్లోనే పడింది. కాళ్ళు ముందు కనపడ్డాయి. నల్లటి కాళ్ళు. తుడవకుండా, ఒంటి మీది మాయపొర కూడా తియ్యకుండా ఎత్తుకుని ఇంటిముందుకు వచ్చి మా నాయన ముందు పెట్టాను.

ఆయన దాని కాలు తిప్పి చూశాడు. "ఏదో పొట్టేలు గోడ దూకి ఉంటది" అన్నాడు.

"ఎవడు దూకాడురా?" కంబళ్ళ తాత కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "నీ కూతురు రెండు నెలలు ఆ గోడ దిగలేదు. ఇంకోటి చూసుకో, ఇదిగో." తాత చంకలో రెండో పిల్ల. అదీ నల్లదే.

కటికవాడు చేతులు కడుక్కుని, "ఏందయ్యా, తోలమంటావా, పొమ్మంటావా?" అన్నాడు.

మా నాయన అతని వైపు చూడలేదు. "నా పొట్టేలుకు నలుపు యాడ నుంచి వచ్చిందే? వీడి తల్లి నా కుడిచెవి గొర్రె!" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

అప్పుడు అమ్మ గొర్రెల మధ్య నుంచే జవాబు చెప్పింది.

"పాలిచ్చింది నీ గొర్రె. కన్నది నాది."

అందరం అటు తిరిగాం.

"ఆ ఏడు నువ్వు ఈనే గొర్రెల్ని నాకొదిలి, దుర్గి కాడ పొలాల్లో ఎరువుకని మంద కట్టడానికి పోయావు. నా గంటుచెవి గొర్రె వీడిని కని చచ్చిపోయింది. అదే రోజు నీ గొర్రెకు పిల్ల పురిట్లోనే పోయింది. ఆ చచ్చిన పిల్ల తోలు వలిచి వీడికి కప్పి, నీ గొర్రె కింద పెట్టా. వాసన చూసి తన పిల్లే అనుకుంది. నువ్వొచ్చి చూసి నువ్వూ అట్టాగే అనుకున్నావు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేందే?"

"మొదట్లో అడగలేదు నువ్వు. తర్వాత చెప్తే వీడికీ తాడేసేవాడివి." అమ్మ గొంతు పెంచలేదు. "వాడి నడుము చూసి మురిసినన్నాళ్ళూ నీ చేతి మీద పెరిగినోడు. నల్లపిల్ల పుడితే నా పుట్టిల్లు. తెలుపు నీదీ నలుపు నాదీ ఎట్టా అయిందయ్యా?"

నేను అబద్ధం రాయను. నలుపు మా అమ్మ గొర్రెలతోనే వచ్చింది. మా నాయన ఆ మాట సరిగ్గానే పట్టుకున్నాడు. కానీ ఆయన మీసం తిప్పుకున్న ఆ నడుమూ, ఆ కాళ్ళూ అదే వైపు నుంచి వచ్చాయి. ఒకటి తీసేసి ఒకటి ఉంచుకుందామంటే కుదరదు. ఆ పదకొండూ తాడుకు పోతే పొట్టేలూ పోవాలి. పొట్టేలు పోతే తెల్ల మంద పేరూ పోవాలి.

ఆయనకు అది అర్థమైంది. మొండివాడే గాని మందబుద్ధి కాదు. కటికవాడిని రెండు ముసలి కుడిచెవి గొర్రెలతో పంపించేశాడు. తాత ఇంకో నల్లపిల్ల పుట్టే దాకా కూర్చుంటానని అరుగు ఎక్కాడు. చివరికి ఎనిమిదింటిలో ఐదు నల్లవి తేలాయి.

ఆ మధ్యాహ్నం మా నాయన చెవికోత కత్తి రాయి మీద నూరుకున్నాడు. ఆడ గొర్రెపిల్లలకు కోత వేస్తాడనుకున్నాను. నేరుగా వెళ్ళి పొట్టేలును రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. అంత ముదిరిన పొట్టేలుకు కోత వేయడం మా వాడలో ఎవరూ చూడలేదు. అది తన్నింది, ఆయన పంచె చిరిగింది.

"ఏ చెవే?" అన్నాడు, తల ఎత్తకుండా.

"ఎడమది," అంది అమ్మ. "కింది అంచున. మరీ లోతుగా పెట్టమాకు."

ఆయన గంటు పెట్టాడు. నేను బొగ్గుపొడి తీసుకొచ్చి ఆ గాయం మీద అద్దాను.